అశ్వశక్తి లెక్క: రోలర్ల మీది కారు, మగ్గము ప్రక్కని మోటారు

శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయస్వామి రథోత్సవమునకు మన పేటల పిల్లలు ఎక్కడ కొలువు చేయుచున్నను ఇల్లు చేరుదురు. మొన్నటి రథోత్సవమునకు వచ్చినవారిలో మన పాఠశాల పూర్వ విద్యార్థి యొకడు, మరునాడు మమ్ము చూడవచ్చెను. అతని తండ్రి తువ్వాళ్లు నేయు నాలుగు మరమగ్గముల యజమాని. కొడుకు ఐ.టి.ఐ. ముగించి పూణెలో ఒక మోటారు వర్క్‌షాపున పనిచేయుచున్నాడు. పండుగకు వచ్చినవాని ముఖమున ఉండవలసిన కళ లేదు. చేతిలో మాత్రము రెండు కాగితములున్నవి.

సంగతి ఇది. ఒక షావుకారు తన పాతకాలపు స్పోర్ట్స్ కారును మరమ్మతునకు తెచ్చెను. ఇంజను విప్పకముందు, జనవరిలో, కారును రోలర్ల యంత్రముపై ఎక్కించి బలము కొలిచిరి. కాగితముపై 45.9 అశ్వశక్తి అని వచ్చినది. పిదప మన పిల్లవాడు పిస్టను రింగులు మార్చి, వాల్వులు నూరి, కార్బురేటర్లు శుభ్రపరచి ఇంజను బిగించెను. మే నెలలో మరల కొలువగా 44.0 వచ్చినది. "బాగుచేయుమని ఇచ్చితిని గాని, చెడగొట్టుమని కాదు" అని షావుకారు పని డబ్బు నిలిపివేసెను. అంతటితో ఆగక, కంపెనీ పుస్తకమున 63 అశ్వశక్తి అని ఉన్నదే, తక్కిన 19 ఎక్కడ పోయినవని కూడ నిలదీసెను.

"నేను రెండు గుర్రాలను చంపినానట సారూ" అని నవ్వబోయి, నవ్వలేక ఊరకున్నాడు.

ఆ రెండు కాగితములను మేము రెండు దినములు చూచితిమి. చూచినకొలది, ఇది ఒక కారు సంగతి మాత్రమే కాదనియు, మన ఇండ్లలో మగ్గముల ప్రక్కనున్న ప్రతి మోటారునకు సంబంధించినదనియు తోచినది. అందువలన విద్యార్థులకే గాక తల్లిదండ్రులకు కూడ పనికివచ్చునని వివరముగా వ్రాయుచున్నాము.

మొదట అశ్వశక్తి అను మాటను చూతము. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆవిరియంత్రములను అమ్ముచుండిన జేమ్స్ వాట్‌కు, తన యంత్రము ఎన్ని గుర్రముల పని చేయునో కొనువారికి చెప్పవలసి వచ్చినది. గానుగ ఎద్దువలె చుట్టు తిరుగు గుర్రము చేయు పనిని లెక్కగట్టి, నిమిషమునకు 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపగల బలము ఒక అశ్వశక్తి అని అతడు నిర్ణయించెను. నేటి కొలతలో ఇది 746 వాట్లు. ఐరోపా ఖండమువారి అశ్వశక్తి కొంచెము చిన్నది, 735.5 వాట్లు. కనుక గుర్రములలోనే రెండు జాతులున్నవి. అదృష్టవశమున వాటి మధ్య భేదము నూటికి ఒకటిన్నర మాత్రమే.

ఈ బలమును కొలుచుట ఎట్లు? ఇచ్చట మన పిల్లలకు ఒక సౌకర్యము కలదు. మరమగ్గము వెనుక పడుగు చుట్టిన బీము చివర చక్రమునకు గొలుసో తాడో చుట్టి, దానికి బరువులు వ్రేలాడదీయుట మీరు చూచియే ఉందురు. బీము ఊరకే తిరిగిపోకుండ ఆ రాపిడి దానిని పట్టి నిలుపును, పడుగు బిగువుగా ఉండును. బరువు పెంచినకొలది బీమును లాగుట కష్టమగును. ఇంజను బలమును కొలుచు అతి సరళమైన పరికరము సరిగా ఇదియే. తిరుగుచున్న చక్రముపై తాడు చుట్టి, ఒక చివర బరువు కట్టి, రెండవ చివర స్ప్రింగు త్రాసు తగిలింతురు. బరువులో నుండి త్రాసు చూపు సంఖ్యను తీసివేయగా మిగిలినది, ఇంజను ఎదిరించి నెగ్గుచున్న లాగుడు. దీనిని చక్రపు వ్యాసార్ధముతో హెచ్చింపగా వచ్చునది మెలిత్రిప్పు బలము. దీనినే టార్కు అందురు. టార్కును చుట్ల వేగముతో హెచ్చించినచో అశ్వశక్తి తెలియును.

ఒక లెక్క చేసి చూడుడు. బరువు 20 కిలోలు, త్రాసు చూపునది 4 కిలోలు, తాడు నడిమికి కొలిచిన వ్యాసార్ధము పావు మీటరు, వేగము నిమిషమునకు 300 చుట్లు. మిగిలిన లాగుడు 16 కిలోలు. అశ్వశక్తి సుమారు 1.65 వచ్చును. రాని వారు 9.81తో హెచ్చించుట మరచియుందురు.

ఇట్టి రాపిడి పరికరమును ఫ్రాన్సు దేశీయుడగు ప్రోనీ 1821లో నిర్మించెను. రాపిడికి బదులు నీటిని చిలికించి ఓడల యంత్రములను కొలుచు పరికరమును ఇంగ్లండున విలియం ఫ్రూడ్ 1877లో కల్పించెను. మన షోలాపురమున ఆవిరితో నడుచు తొలి మిల్లు, ఇప్పటికిని పెద్దలు 'జూనీ మిల్' అని పిలుచునది, వెలసినదియు ఆ దశాబ్దములోనే. డైనమోమీటరు అను పేరుకు బలమును కొలుచునది అని మాత్రమే అర్థము. వర్క్‌షాపులవారు ముద్దుగా 'డైనో' అందురు.

పూణె వర్క్‌షాపున ఉన్నది తాడు పరికరము కాదు. నేలలో అమర్చిన బరువైన ఉక్కు రోలరుపై కారు వెనుక చక్రములను నిలిపి, కారును పట్టీలతో బిగించి, ఇంజనును పూర్తిగా త్రొక్కుదురు. రోలరు బరువు ముందే తెలియును గనుక, అది ఎంత త్వరగా వేగము పుంజుకొనెనో చూచి కంప్యూటరు బలమును లెక్కించును. నిండుకుండను త్రిప్పువాని భుజబలము, కుండ ఎంత వేగముగా తిరుగనారంభించెనో దానినిబట్టి తెలిసినట్లే. కాగితముపై రెండు గీతలుండును. ఒకటి టార్కు, ఒకటి అశ్వశక్తి. టార్కును పౌండ్-అడుగులలో చూపి, రెండింటిని ఒకే కొలబద్దపై గీచినచో, నిమిషమునకు 5252 చుట్ల వద్ద ఆ రెండు గీతలు తప్పక కలిసికొనవలెను. ఇది ఇంజను గుణము కాదు, 33,000ను రెండు పైలతో భాగించగా వచ్చు సంఖ్య. అట్లు కలియకున్నచో ఆ కాగితమును నమ్మరాదు. మన పిల్లవాని కాగితములు రెండును ఈ పరీక్షలో నెగ్గినవి.

ఇక షావుకారి రెండవ ప్రశ్నను ముందు తీసికొందము, అది తేలిక గనుక. ఆ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1962లో ఇంగ్లండున వెలువడినది. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారును మీ తాతలెరుగుదురు. ఆ హెరాల్డు చట్రమునే కురుచజేసి దానిపై కట్టిన రెండు సీట్ల బండి ఇది. 1147 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజను. కంపెనీ చెప్పిన 63 అశ్వశక్తి, ఇంజను వెనుక ఫ్లైవీలు వద్ద కొలిచినది. రోలరు కొలుచునది చక్రముల వద్ద. నడుమ గేరుబాక్సు, పొడుగాటి షాఫ్టు, వెనుక ఇరుసులోని పళ్లచక్రములు, చివరకు రోలరుపై నలుగు టైర్లు ఉన్నవి. ప్రతి ఒక్కటి తన సుంకము తీసికొనక విడువదు.

ఆ సుంకమెంత? కొందరు నూటికి 15 అందురు, కొందరు 20 అందురు. ఇవి కొలిచినవి కావు, ఊహించినవి. చక్రముల వద్ద 49 వచ్చినదనుకొనుడు. 15 వంతున లెక్కించిన ఇంజను వద్ద 57.6 అగును. 20 వంతున 61.3 అగును. కొలువని ఒక్క ఊహ మూడున్నర గుర్రములను పుట్టించినది. అందువలన చక్రముల వద్ద కొలిచినదానిని చక్రముల వద్దిదిగానే చెప్పుట మేలని మా అభిప్రాయము.

ఇదే చిక్కు మన మగ్గముల మోటార్లలో తలక్రిందుగా ఉన్నది. ఈ కాగితములను మేము పరిశీలించుచుండగా ఆ పిల్లవాని తండ్రి కూడ వచ్చి, తన సందేహమును మా ముందుంచెను. "ఒక హార్స్‌పవర్ మోటార్లు నాలుగు. గంటకు మూడు యూనిట్లు కావలె. మీటరు మూడున్నర తిరుగుతున్నది. మీటరు దొంగదా సారూ?"

మీటరు దొంగది కాదు. మోటారు రేకుపై వ్రాసియుండు 1 అశ్వశక్తి, లేక 0.75 కిలోవాట్, మోటారు తన ఇరుసు వద్ద బయటికి ఇయ్యగల బలము. తీగలనుండి లోనికి తీసికొను విద్యుత్తు కాదు. మోటారు సామర్థ్యము నూటికి 75 అనుకొన్నచో, నిండు బరువుపై ఒక అశ్వశక్తి ఇచ్చుటకు అది 746ను 0.75తో భాగించగా వచ్చినంత, అనగా దాదాపు 1000 వాట్లు పుచ్చుకొనును. గంటకు ఒక యూనిట్. నాలుగు మోటార్లకు నాలుగు. ఆయన మీటరు మూడున్నరయే చూపుచున్నదనగా, మగ్గములు మోటార్ల పూర్తి బలమును వాడుకొనుట లేదన్నమాట. రేకుపై సంఖ్య మోటారు చేతనగుదానిని చెప్పును గాని, అది ఇప్పుడు చేయుచున్నదానిని చెప్పదు. తీగ మాడి మరల చుట్టించిన మోటారునకు రేకు మారదు, సామర్థ్యము మాత్రము తగ్గవచ్చును. పాత మోటారును చవుకగా కొనునప్పుడు రేకు చూచి మురియక, బరువుపై నడిపించి, అది ఎంత కరెంటు లాగుచున్నదో ఎలక్ట్రీషియనుచే కొలిపించి కొనుడు. నెలనెలా బిల్లు కట్టువారు మీరే గదా.

కంపెనీలవారి సంఖ్యలలో కూడ ఇట్టి రెండర్థములు ఒకప్పుడు చాల చెల్లినవి. అమెరికాలో 1971 వరకు, ఇంజనును ఒంటరిగా బల్లపై నిలిపి, ఫ్యాను, డైనమో, సైలెన్సరు మొదలగు బలము తిను సామగ్రిని తొలగించి కొలిచి, దానిని ప్రకటించుట వాడుక. పిదప సామగ్రియంతయు బిగించి కొలుచు పద్ధతి వచ్చినది. షెవ్రొలే కార్వెట్ కారు సామాన్య ఇంజనుకు 1971లో 270 అశ్వశక్తి అని చెప్పిరి. 1972లో 200 అని చెప్పిరి. ఇంజనులో డెబ్బది గుర్రములు చచ్చిపోలేదు, కొలత మారినది. 1971 నాటి ఇంజనునే క్రొత్త పద్ధతిలో కొలిచినపుడు 210 వచ్చినది గనుక, నిజముగా తగ్గినది పది మాత్రమే. ఇంగ్లండునందలి జాగ్వార్ ఇ-టైప్ కారునకు ఘనముగా చెప్పుకొను 265 కూడ ఇట్లు సామగ్రి లేక కొలిచినదే. ఆ కారును నేడు రోలరుపై ఎక్కించి కన్నీరు పెట్టుకొనువారు కొందరు గలరట!

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. 45.9 ఉండినది 44.0 ఎట్లయినది?

ఇంజను పెట్రోలును మాత్రమే తినదు, గాలిని కూడ త్రాగును. సిలిండరు ప్రతిసారి పీల్చు గాలి పరిమాణము ఒక్కటే, కాని ఆ గాలిలోని సరుకు ఒక్కటి కాదు. వేడిగాలి పలుచన. ఎత్తైన చోట గాలి ఇంకను పలుచన. మన షోలాపురము సముద్రమట్టమునకు సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్నది, పూణె సుమారు 560 మీటర్ల ఎత్తున ఉన్నది. కనుక అదే ఇంజను మద్రాసు తీరమున ఇచ్చినంత బలము పూణెలో ఇయ్యదు, జనవరి ఉదయమున ఇచ్చినంత మే మధ్యాహ్నమున ఇయ్యదు. విద్యుత్తు మోటారునకు ఈ పేచీ లేదు, అది గాలిని కాల్చి బ్రతుకునది కాదు.

ఈ భేదమును సరిదిద్దుటకు ఒక లెక్క కలదు. "ఇదే ఇంజను ఫలానా చల్లదనమున, ఫలానా వాయుపీడనమున నడచియున్నచో ఎంత ఇచ్చెడిది?" అని అడిగి, కొలిచినదానిని ఒక గుణకముతో హెచ్చింతురు. అయితే ఆ 'ఫలానా' అందరికి ఒక్కటి కాదు. అమెరికావారి పాత పద్ధతికి 15.5 డిగ్రీలు, 1013 మిల్లిబారులు. వారి క్రొత్త పద్ధతికి 25 డిగ్రీలు, 990 మిల్లిబారులు. జర్మనులది 20 డిగ్రీలు, 1013 మిల్లిబారులు. యంత్రము నడుపువాడు తెరపై ఏ పద్ధతిని ఎన్నుకొనునో ఆ సంఖ్య అచ్చగును. ఏదియు ఎన్నుకొననిచో కొలిచినది కొలిచినట్లే వచ్చును.

కాగితముల అడుగున చీమతలలంత అక్షరములలో ఈ వివరము ఉండును. మా కళ్లద్దములతో చదువలేక ఒక ఎనిమిదవ తరగతి బాలికచే చదివించితిమి. జనవరి కాగితముపై 'ఎస్.టి.డి.' అని ఉన్నది, అనగా అమెరికావారి పాత పద్ధతి. ఉష్ణోగ్రత 16, పీడనము 950. మే కాగితముపై 'అన్‌కరెక్టెడ్' అని ఉన్నది, అనగా ఏ సవరణయు లేదు. ఉష్ణోగ్రత 38, పీడనము 945.

సవరించిన సంఖ్యను సవరింపని సంఖ్యతో పోల్చిరి! ఒకరు మీటరుతో కొలిచిన బట్టను, వేరొకరు గజముతో కొలిచిన బట్టను ప్రక్కప్రక్కన పెట్టి, నేతగాడు దొంగిలించెనన్నట్లున్నది.

లెక్క ఇట్లు చేయవలెను. 1013ను ఆనాటి పీడనముతో భాగింపుడు. ఉష్ణోగ్రతకు 273 కలిపి, దానిని 288.5తో భాగించి, వర్గమూలము తీయుడు. ఈ రెండింటిని హెచ్చింపుడు. గాలిలోని తేమకు కూడ ఒక చిన్న సవరణ కలదు, దానిని ఇచ్చట విడిచితిమి. జనవరికి గుణకము 1.067 వచ్చును. 45.9ను దానితో భాగింపగా, ఆనాడు రోలరు నిజముగా చూపినది 43.0 అని తెలియును. మే నెలకు గుణకము 1.113. కొలిచిన 44.0ను దానితో హెచ్చింపగా 49.0 అగును. కనుక పాత పద్ధతిలోనే రెండింటిని చూచినచో, మరమ్మతునకు ముందు 45.9, తరువాత 49.0.

పిల్లవాడు రెండు గుర్రములను చంపలేదు. మూడింటిని బ్రతికించినాడు.

మేము వల్లించిన సూత్రమును వాడు తానే మరల చేసి చూచి, అంతటితో తృప్తి పడక, అమెరికావారి క్రొత్త పద్ధతిలో కూడ లెక్క వేసెను. దానిలో 44.3, 47.6 వచ్చినవి. సంఖ్యలు రెండును తగ్గినవి, వాటి నడుమ ఎడము మాత్రము మూడుకు పైననే నిలిచినది. ఏ పద్ధతియైనను సరే, రెండుసార్లు అదియే ఉండవలెను.

ఇచ్చట షావుకారి పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. మూడు అశ్వశక్తుల భేదము పెద్దది కాదు. టైర్లలో గాలి తగ్గినను, పట్టీలు మరీ బిగించినను, ఇరుసులోని నూనె చల్లగా ఉన్నను ఒకటి రెండు గుర్రములు మాయమగును. క్రొత్తగా తేలికచక్రములు వేసినచో, ఇంజను మారకున్నను ఈ రకపు రోలరు ఎక్కువ చూపును. వేడిమానిని రేడియేటరు దగ్గర పెట్టి గాలి మిక్కిలి వేడిగా ఉన్నట్లు చూపి, గుణకమును పెంచి, లేని బలమును అమ్ముకొనువారు కూడ గలరు. కనుక ఒక్క పరుగును నమ్మరాదు. మీరు ఎన్ని పరుగులు తీసితిరని అడిగితిమి. రెండు నెలలలోను మూడేసి పరుగులు తీసిరట. వాని మధ్య భేదము అర గుర్రము మించలేదు. టైర్ల గాలి రెండుసార్లు తానే చూచి నింపితినని పిల్లవాడు చెప్పెను. అయినచో ఆ మూడు నిలుచును.

మరునాడు అతడు పూణెకు బండి ఎక్కెను. వారము తరువాత ఫోనులో చెప్పిన సంగతి ఇది: పాత పరుగులు కంప్యూటరులో భద్రముగానే ఉన్నవి. రెండింటిని ఒకే పద్ధతిలో మరల అచ్చువేయించి, షావుకారి ముందు బల్లపై ఉంచెను. షావుకారు చీమతలల అక్షరములను తానే చదివి, అర్థగంట సేపు ప్రశ్నలడిగి, నిలిపిన డబ్బు చెల్లించెను. 63 సంగతి మాత్రము ఆయనకు ఇంకను నచ్చలేదట.